తెర వెనక వైపు

పగలు ప్లాంటులో భద్రతా బోర్డులు రాసేవాణ్ణి, రాత్రిళ్ళు పరిషత్తు నాటకాలకు తెరలూ సెట్లూ వేసేవాణ్ణి. మా ఆవిడ లెక్కలో రెండూ ఒకటే. చొక్కాకి అంటిన రంగు వదలదు.

తెర రాయడం పూర్ణా మార్కెట్టు దగ్గరుండే ఒక ముసలాయన నేర్పాడు. గుడ్డ బారులు కుట్టి, సుద్దలో వజ్రం బంక కలిపి మొదటి పూత వెయ్యాలి. ఆ పైన పొడి రంగులు. బంక ఎక్కువైతే తెర చుట్టినప్పుడు పెళ్ళలు రాలతాయి, తక్కువైతే రంగు చేతికంటుతుంది. విశాఖలో ఇంకో బాధ, ఉప్పుగాలి. రాత్రి వేలాడదీసిన అడవి తెర తెల్లారేసరికి చెమ్మ పట్టి బరువెక్కేది. తాడు లాగేవాడు తిట్టేది సముద్రాన్ని కాదు, నన్ను.

తెరలకు పుట్టిల్లంటే నాకు సురభే. వనారస వాళ్ళు అంతకుముందు తోలుబొమ్మలాడించేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మనుషుల చేత ‘కీచకవధ’ ఆడించాడు. బొమ్మ వెనక దీపం పోయి, మనిషి వెనక రంగుల తెర నిలబడింది. ఆ తోలుబొమ్మకి మ్యూజియంలో అద్దాల బీరువా దొరికింది. తెరకి మాత్రం ఆ భాగ్యం లేదు. చిరిగితే అతుకేశారు, అతుకు నిలవకపోతే సామాను మూటగట్టారు. అలాగని తెర పని చిన్నదేం కాదు. వేషం, రంగాలంకరణ కలిసిన ఆహార్యాన్ని భరతుడు నాలుగు అభినయాల్లో ఒకటిగా లెక్కేశాడు కదా! ప్రాగ్‌ నగరంలో అయితే 1967 నుంచి నాలుగేళ్ళకోసారి రంగస్థల రూపకల్పనకే పెద్ద ప్రదర్శన పెడుతున్నారట.

మా ఊళ్ళో తెరకి గండం యూనివర్సిటీ ఆరుబయలు రంగస్థలంలో వచ్చింది. రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి కాలేజీ నాటకాలకు ఊపిరి పోసిన చోటది. ఆ గాలికి తెర కడితే తెరచాపే. అరుగులూ మెట్లూ దీపాలతోనే పని నడపాలి. నాకది నచ్చింది కూడా.

రిటైరయ్యాక ఒక హాల్లో బొమ్మల ప్రదర్శనకి నా అడవి తెర అడిగారు. గోడకి బిగించి మేకులు కొట్టి, ట్యూబులైటు వేశారు. ఆకులన్నీ నీలం! పసుపు దీపాల కింద పచ్చగా కనబడాలని నీలం పాలు పెంచి కలిపిన రంగది. చూసినవాళ్ళు నాకు కంటి జబ్బనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మేకులు పీకి తెర తిరగేశాను. పదకొండు అతుకులు, తాడు ఒరిసిన చార, బొగ్గుతో నా రాత: ‘అడవి, మూడో రంగం, కుడి తాడు ముందు.’

ఒక పిల్లాడు వచ్చి చాలాసేపు చూశాడు.

“తాతా, ఎడమ తాడు ముందు లాగితే ఏమవుద్ది?”

“అడవి ఒరిగిపోద్ది నాయనా. ఓసారి సీతమ్మ మీదే ఒరిగింది.”