పోస్టులో పుట్టిన పాటలు

లాస్ ఏంజెలెస్‌లో జిమ్మీ టాంబొరెల్లో కంప్యూటర్ మీద సంగీతం కూర్చేవారు. చాలా దూరాన, ఉత్తరాది సియాటిల్‌లో ఉండే బెన్ గిబ్బర్డ్ ‘డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ’ అనే రాక్ బృందానికి గాయకుడు, పాటల రచయిత. 2001లో టాంబొరెల్లో విడుదల చేసిన ఆల్బమ్‌లో గిబ్బర్డ్ ఒక పాట పాడారు. అది ఇద్దరికీ నచ్చింది. ఆల్బమంతా కలిసి చేద్దామనుకున్నారు.

ఎవరి ఊళ్లో వాళ్లే ఉండి పని మొదలుపెట్టారు. టాంబొరెల్లో తాళం, వాద్యభాగం సిద్ధం చేసి రికార్డింగును పోస్టులో పంపేవారు. గిబ్బర్డ్ దానికి సాహిత్యం రాసి, బాణీ కట్టి, గొంతు కలిపి, అవసరమైన చోట గిటార్ చేర్చి తిప్పి పంపేవారు. అందుకే బృందానికి ‘ది పోస్టల్ సర్వీస్’ అని పేరు పెట్టుకున్నారు. గాయనులు జెన్నీ లూయిస్, జెన్ వుడ్ కూడా కొన్ని పాటల్లో గొంతు కలిపారు.

2003 ఫిబ్రవరిలో సియాటిల్‌కు చెందిన సబ్ పాప్ రికార్డు సంస్థ ‘గివ్ అప్’ ఆల్బమ్‌ను విడుదల చేసింది. రాక్ బృందం ‘నిర్వాణ’ తొలి ఆల్బమ్‌ను తెచ్చిన సంస్థ అదే. యంత్రం కొట్టే తాళం మీద విరహం, ఎడబాటు పలికే మనిషి గొంతు వినిపించడం ఈ పాటల ప్రత్యేకత. ‘నథింగ్ బెటర్’ పాటలో ప్రియుడు బతిమాలుతుంటే, ప్రియురాలు తన మాట తాను సూటిగా చెప్పేస్తుంది. ‘సచ్ గ్రేట్ హైట్స్’ అన్నిటికన్నా పేరు తెచ్చుకుంది. ‘ఐరన్ అండ్ వైన్’ అనే గాయకుడు దాన్ని మెల్లగా పాడిన తీరు 2004 నాటి ‘గార్డెన్ స్టేట్’ సినిమాలో వినిపించి, మరింత మందిని చేరింది.

ఇంతలో అమెరికా తపాలా శాఖ ‘పోస్టల్ సర్వీస్’ అనే పేరు తమ ట్రేడ్‌మార్కని నోటీసు పంపింది. గొడవ కోర్టు దాకా పోకుండా 2004లో రాజీ కుదిరింది. బృందం పేరు వాడుకోవచ్చు, బదులుగా ఉత్తరాలకు ప్రచారం చేయాలి. తపాలా అధికారుల సదస్సులో కచేరీ కూడా చేయాలి. ఆ శాఖ తన వెబ్‌సైట్‌లో వీళ్ల సీడీలు అమ్మింది.

రెండో ఆల్బమ్ మాత్రం రాలేదు. గిబ్బర్డ్ సొంత బృందం 2003లోనే ‘ట్రాన్సట్లాంటిసిజం’ ఆల్బమ్‌తో ఎదిగి, తర్వాత పెద్ద కంపెనీకి చేరింది. టాంబొరెల్లోకు తన పని తనకుంది. 2013లో పదేళ్ల సందర్భంగా ‘గివ్ అప్’ను రెండు కొత్త పాటలతో మళ్లీ విడుదల చేశారు, పర్యటించారు, విరమించారు. 2023లో ఇరవయ్యేళ్ల పండక్కి మళ్లీ వేదికెక్కారు.

‘గివ్ అప్’ అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడై ప్లాటినం గుర్తింపు పొందింది. ఎదురెదురుగా కూర్చోకుండానే ఇద్దరూ టేపు టేపుకూ మధ్య దొరికిన తీరికను శ్రద్ధగా వాడుకోవడమే ఆ విజయానికి మూలం. కొత్తగా చెప్పేది లేనప్పుడు పేరు కోసం పాటలు చేయకపోవడం వాళ్లు పాటించిన నిజాయితీ. పది పాటలు, ముప్పావు గంట. ఒక బృందం చరిత్రలో నిలవడానికి అంత చాలని ‘ది పోస్టల్ సర్వీస్’ రుజువు చేసింది.