బొంబాయి ఎంఈడీ, వార్ధా తకిలి

మన దేశంలో ఎంఈడీ మొదటిసారి 1936లో బొంబాయి విశ్వవిద్యాలయంలో మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా మహాసభ జరిగింది. చదువంతా ఒక చేతిపని చుట్టూ అల్లుకోవాలని అక్కడ తీర్మానించారు. బేసిక్ విద్య అన్నా, నయీ తాలీం అన్నా ఇదే. ఒకచోట టీచర్ల కోసం పై డిగ్రీ పుట్టింది, ఇంకోచోట పిల్లలకు పాఠాలను విడదీయకుండా కలిపి చెప్పాలన్న ఆలోచన పుట్టింది. పుట్టింది ఏడాది తేడాతోనే అయినా రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. మన ఉపాధ్యాయ విద్య చరిత్రను నేను చదివినప్పుడల్లా నన్ను వెనక్కి లాగేది ఈ ఎడమే.

వార్ధా సభ తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ ఆ ఏడాది డిసెంబరుకే నివేదిక ఇచ్చింది. చేతిపని, ప్రకృతి, సమాజం అనే మూడింటి నుంచే పాఠాలన్నీ పుట్టాలని అందులో రాశారు. తకిలి తిప్పే పిల్లవాడు గంటలో ఎంత నూలు వడికాడో కొలిస్తే అది లెక్కల పాఠం. ఎన్ని చిలపలయ్యాయి, దూది ఎంత పోయింది, కూలి ఎంత గిట్టుబాటవుతుంది అన్నవి ఆ తర్వాతి లెక్కలు. పత్తి నల్లరేగడిలోనే ఎందుకు బాగా పండుతుందని అడిగితే భూగోళంలోకి, మన బట్ట మిల్లుబట్ట ముందు ఎందుకు ఓడిపోయిందని అడిగితే చరిత్రలోకి దారి తెరుచుకుంటుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఇలా చెప్పాలంటే టీచరుకు ఏకు పట్టడమూ రావాలి, ఈస్టిండియా కంపెనీ వ్యాపారమూ తెలియాలి. ఆ సంగతి కమిటీకి తెలుసు. అందుకే టీచర్లకు మూడేళ్ల పూర్తి శిక్షణ, అంతవరకు ఆగలేని చోట ఏడాది శిక్షణ సూచించింది. ఆచరణలో ఎక్కువగా నడిచింది తొందర శిక్షణే. తకిలికి ఏమాత్రం సంబంధం లేని పాఠాన్ని కూడా లాక్కొచ్చి తకిలికే కట్టడం అలా మొదలైంది. బేసిక్ విద్యను తర్వాత వెక్కిరించినవాళ్లంతా ఈ అతుకుల పాఠాలనే చూపించారు.

స్వాతంత్ర్యం వచ్చాక బేసిక్ ట్రైనింగ్ స్కూళ్లు పెరిగాయి. 1956లో ఢిల్లీలో జాతీయ బేసిక్ విద్యా సంస్థ కూడా వచ్చింది. ఎంఈడీలో మాత్రం ఎప్పటిలాగే తత్త్వశాస్త్రం ఒక పేపరు, మనస్తత్వ శాస్త్రం ఒకటి, గణాంక పద్ధతులు ఇంకొకటి, చివర డిసర్టేషన్. నయీ తాలీం అక్కడ పరీక్షలో అడిగే ప్రశ్నగా మిగిలింది. దాని గురించి రాసినవాడు రేపు బీఈడీ కాలేజీలో లెక్చరరవుతాడు. తాను విడివిడిగా చదివినదాన్ని రేపటి టీచర్లకు విడివిడిగానే చెబుతాడు. వాళ్లను మళ్లీ పిల్లలకు కలిపి చెప్పమంటాం!

1960లో కురుక్షేత్రలోను, 1963లో ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యంలో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులోను నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు మొదలయ్యాయి. ఆ నాలుగు ప్రాంతీయ విద్యా కళాశాలలకు అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తోడ్పడింది. డిగ్రీ ఒకచోట, బీఈడీ ఇంకోచోట కాకుండా సబ్జెక్టును, దాన్ని చెప్పే పద్ధతిని ఒకే కప్పు కింద నేర్పాలన్నది వాటి ఉద్దేశం. మైసూరుకు మన తెలుగు పిల్లలు మొదటినుంచీ వెళ్తున్నారు, ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ దాని పరిధిలోవే. క్యాంపస్‌లోనే బడి, వారాల తరబడి ఇంటర్న్‌షిప్ అక్కడ మామూలు. ఇంటర్ చదివి చేరినవాళ్లకు బీఎస్సీ ఈడీ, ఆపైన ఎమ్మెస్సీ ఈడీ దొరికేవి. పై చదువులో సబ్జెక్టూ బోధనా కలిసి నడవడానికి మన దక్షిణాదిలో ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు కనబడదు. అయితే అక్కడ కలిసింది ఫిజిక్సూ దాన్ని చెప్పే పద్ధతీ మాత్రమే. ఫిజిక్సూ చరిత్రా ఎప్పటిలాగే వేర్వేరు గదుల్లో ఉండిపోయాయి. దేశ విద్యను సమీక్షించిన కొఠారీ కమిషన్‌కు ఈ కోర్సుల మీద పెద్ద నమ్మకం కుదరలేదు. టీచర్ ట్రైనింగ్ ఇటు విశ్వవిద్యాలయానికీ అటు బడికీ దూరమై ఒంటరిగా మిగిలిందని మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

అసలు కదలిక కాలేజీల బయట వచ్చింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, కిశోర్ భారతి అనే రెండు స్వచ్ఛంద సంస్థలు పదహారు మాధ్యమిక పాఠశాలల్లో సైన్సును ప్రయోగాలతో చెప్పడం మొదలుపెట్టాయి. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు ఊళ్లకు వెళ్లి కూర్చున్నారు. 1978కి ఈ కార్యక్రమం జిల్లా అంతటా పాకింది. దాన్ని ముందుకు నడపడానికి 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడింది.

వేసవి సెలవుల్లో అక్కడ టీచర్లకు మూడు వారాల శిక్షణ ఉండేది. ఆరో తరగతికి ఒక ఏడాది, ఏడుకు ఇంకో ఏడాది, ఎనిమిదికి మరొకటి. ఉపన్యాసాలు తక్కువ. నలుగురేసి గుంపుగా కూర్చుని, పిల్లల పుస్తకం ‘బాల్ వైజ్ఞానిక్’ తెరిచి, అందులో ఉన్నదంతా పిల్లల్లాగే చేసి చూడాలి. ఒక పాఠంలో మొక్కల్ని వేళ్లతో సహా పీకి తెచ్చుకోవాలి. ఆకు ఈనెలు వలలా అల్లుకుని ఉన్నాయా, నిలువుగా సాగాయా అని ఒక గడిలో, తల్లివేరా, పీచువేళ్లా అని పక్క గడిలో రాయాలి. పట్టిక నిండాక రెండు గడులకూ ఏదో సంబంధం ఉన్నట్టు కంటికి ఆనుతుంది. ఆ సంబంధం ఏమిటో పుస్తకం ముందే చెప్పదు. ఎనిమిదో తరగతిలో నాణేలు ఎగరేసి లెక్కరాసే పాఠముంది. సైన్సు పుస్తకంలో సంభావ్యత ఎందుకుందని అక్కడ ఎవరూ అడ్డుపడలేదు. బడి తెరిచాక నెలనెలా సంగమ కేంద్రంలో టీచర్లు కలిసి, క్లాసులో ఎక్కడ తడబడ్డారో చెప్పుకునేవారు. పుస్తకం దగ్గర పెట్టుకుని పరీక్ష రాసే పద్ధతీ ఉండేది. ఇన్ని చేసినా టీచరు చేతికి డిగ్రీ లేదు, ఇంక్రిమెంటు లేదు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసినప్పుడు ఆ ముప్ఫై ఏళ్ల విద్యకు కాగితం మీద విలువ సున్నా.

మన దగ్గర ఏపీపీఈపీ కథ కూడా ఇంచుమించు ఇంతే. 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు పెట్టుకుంది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడకు పెట్టడం వాటిలో ఉన్నాయి. టీచర్ సెంటర్లలో అయ్యవార్లూ అమ్మలూ కత్తెరా జిగురూ పట్టుకుని కూర్చున్న ఆ రోజుల్ని పాత తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. నిధులు ఆగేసరికి గోడలు మళ్లీ ఖాళీ అయ్యాయి.

2006లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ప్రాథమిక విద్యలో రెండేళ్ల ఎంఏ మొదలుపెట్టింది. ఏకలవ్య, ఉదయపూర్‌లోని విద్యాభవన్, జైపూర్‌లోని దిగంతర్, హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ దానికి తోడు నిలిచాయి. కొన్ని వారాలు ముంబైలో ఉండాలి, మిగతా కాలం పనిచేసే చోటే ఉంటూ చదువుకోవాలి. ఎవరి బడిలో, ఎవరి బ్లాకులో వాళ్లకు ఎదురైన సంగతి మీదే రాతపని. హోషంగాబాద్‌లో డిగ్రీ లేకుండా నడిచిన పని మొదటిసారి పీజీ గుమ్మం తొక్కింది. నాకు కోర్సు పేరు కంటే దానికి తోడు నిలిచిన సంస్థల జాబితా ముఖ్యం. విశ్వవిద్యాలయం తనకు తెలియనిది బయటివాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఒప్పుకుంది. ఎంఈడీ ఆ పని ఎన్నడూ చేయలేదు.

ఆ తర్వాత మార్పులు చకచకా వచ్చాయి. 2012లో ఉపాధ్యాయ విద్యపై జస్టిస్ వర్మ కమిషన్ నివేదిక, 2014లో ఆ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు, 2015-16 నుంచి బీఈడీ, ఎంఈడీ రెండూ రెండేళ్లు. ఎంఈడీకి ఇంటర్న్‌షిప్ కూడా తోడైంది. కాలం రెట్టింపైనా పేపర్ల మధ్య గోడలు కూలలేదు, ఇంకొన్ని పేపర్లు చేరాయి. 2020 జాతీయ విద్యా విధానం కళలతో, ఆటలతో కలిపి పాఠం చెప్పాలంది. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సును 2030 నాటికి టీచరుకు కనీసార్హత చేస్తామంది. 2023లో వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్ మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఆ కోర్సు మొదలైంది. కాగా 2025లో ఎన్‌సీటీఈ తెచ్చిన ముసాయిదాలో ఎంఈడీ మళ్లీ ఏడాది కోర్సుగా కనిపించింది.

వరంగల్‌లో చేరిన మొదటి బ్యాచ్ 2027లో బయటికొస్తుంది. వాళ్లలో కొందరు టీచర్లకు టీచర్లవుదామని ఎంఈడీ వైపు చూస్తారు. నాలుగేళ్లు కలిపి చదివి వచ్చినవాళ్లకు ఆ ఏడాదిలో కలిపి చెప్పగలిగే అధ్యాపకుల్ని ఎక్కడ తయారు చేస్తున్నామన్నది నిబంధనలు రాసేవాళ్లు ఇప్పుడే తేల్చాల్సిన ప్రశ్న. ఆ కోర్సు వ్యవధి ఒక ఏడాదా, రెండేళ్లా అన్న వాదన దాని తర్వాతే.