ఫోరెన్సిక్ సైన్స్ ఉద్యోగాలు (జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం)

ఫోరెన్సిక్ సైన్స్ అనగా నేర పరిశోధనలోను, న్యాయస్థానాలలోను నిజనిర్ధారణ కొరకు విజ్ఞానశాస్త్ర పద్ధతులను వినియోగించే శాస్త్రం. పోలీసు శాఖకు అనుబంధంగా పనిచేసే ఫోరెన్సిక్ ప్రయోగశాలలలో రసాయన, భౌతిక, జీవ, కంప్యూటర్ శాస్త్రాలు చదివినవారికి ఉద్యోగావకాశాలు ఉన్నాయి. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల విద్యార్థులు ఈ రంగంలో ప్రవేశించే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

ఈ మూడు పట్టణాలు పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరాయి. రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉంది. దీనికి వరంగల్ మొదలైన చోట్ల ప్రాంతీయ ప్రయోగశాలలు ఉన్నాయి. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఆధీనంలోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఒకటి హైదరాబాదు రామంతాపూర్‌లో ఉంది. 1996లో ఏర్పడిన డీఎన్ఏ వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం కూడా ఈ నగరంలోనే ఉంది. భారతదేశంలో డీఎన్ఏ వేలిముద్రల విధానాన్ని అభివృద్ధి చేసిన లాల్జీ సింగ్ హైదరాబాదులోని సీసీఎంబీలో శాస్త్రవేత్తగా పనిచేశారు.

ఘటనాస్థలం నుండి ప్రయోగశాలకు

నేరం జరిగిన చోట ఆధారాలను సేకరించే బృందాన్ని తెలంగాణలో క్లూస్ టీం అంటారు. రక్తపు మరకలున్న వస్త్రాన్ని నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో పెడతారు. ప్లాస్టిక్ సంచిలో తడి నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆధారం చెడిపోతుంది. విషప్రయోగం అనుమానించిన కేసులలో శవపరీక్ష చేసిన వైద్యుడు శరీర అంతర్భాగాలను సాధారణంగా చిక్కటి ఉప్పు ద్రావణంలో భద్రపరచి పంపుతారు. ప్రతి వస్తువుకు సీలు వేసి, అది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో రాసి ఉంచుతారు. ఈ క్రమంలో ఒక అడుగు తప్పినా, పరీక్ష ఎంత కచ్చితంగా జరిగినా న్యాయస్థానంలో దాని విలువ తగ్గవచ్చు.

ప్రయోగశాలలోని విభాగాలు

* విషశాస్త్రం: అంతర్భాగాలలో పురుగుమందులు, మత్తుపదార్థాలు మొదలైనవాటిని గుర్తిస్తారు. వ్యవసాయ ప్రాంతాలలో పురుగుమందు మరణాల కేసులు ఉంటాయి కనుక ఇది ముఖ్యమైన విభాగం.
* రసాయనశాస్త్రం: కల్తీ పదార్థాలు, పెట్రోలు వంటి మండే ద్రవాల అవశేషాలు, లంచం కేసులలో నోట్లకు పూసిన ఫినాఫ్తలీన్ పొడి వంటివి పరీక్షిస్తారు.
* జీవశాస్త్రం, డీఎన్ఏ: రక్తం, వెంట్రుకలు, ఇతర శరీర ద్రవాలు పరీక్షిస్తారు.
* భౌతికశాస్త్రం: గాజు, మట్టి, రంగు పెచ్చులు, నూలు పోగులు పోల్చి చూస్తారు. మరమగ్గాలకు పేరొందిన సిరిసిల్ల విద్యార్థికి నూలుకు, పాలిస్టర్‌కు గల తేడా ఇంటి విషయమే. ఆ తేడానే ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద నిరూపించవలసి ఉంటుంది.
* ఆయుధాలు: తుపాకులు, తూటాలపై ఏర్పడిన గుర్తులను పోల్చుతారు.
* పత్రాలు: సంతకాలు, చేతిరాత, దిద్దుబాట్లు పరిశీలిస్తారు.
* కంప్యూటర్ విభాగం: సెల్‌ఫోన్లు, హార్డ్ డిస్కులలోని సమాచారాన్ని మార్పు చెందకుండా నకలు తీసి విశ్లేషిస్తారు.

వేలిముద్రల విభాగం వేరుగా, సీఐడీ కింద ఉంటుంది. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో ఏర్పడింది.

విద్యార్హతలు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ లేదా బైపీసీ, తరువాత బి.ఎస్సీ. చదవడం సాధారణ మార్గం. జగిత్యాలలోని ఎస్.కె.ఎన్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి స్థానిక కళాశాలలతో ఈ దారి మొదలవుతుంది. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. గుజరాత్‌లో 2009లో ప్రారంభమైన ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మారింది. ఇందులో ప్రవేశానికి ప్రత్యేక పరీక్ష ఉంది.

ఫోరెన్సిక్ పేరుతో ఉన్న డిగ్రీ మాత్రమే ఈ ఉద్యోగాలకు దారి అనుకోవడం పొరపాటు. ప్రయోగశాల ఉద్యోగాలు విభాగాల వారీగా ఉంటాయి. రసాయన విభాగానికి రసాయనశాస్త్రం, జీవ విభాగానికి జీవశాస్త్రాలు చదివినవారు కావాలి. కాబట్టి రుసుము చెల్లించి ఏ కోర్సులోనైనా చేరడానికి ముందే పాత నియామక ప్రకటనలలోని అర్హతలను చదివి చూసుకోవడం అవసరం. లేనిచో చదువు పూర్తయిన తరువాత దరఖాస్తుకే అర్హత లేకపోయే ప్రమాదం ఉంది.

నియామకాలు

తెలంగాణలో ఈ ఉద్యోగాలను రాష్ట్ర పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. 2025 నవంబరులో సైంటిఫిక్ ఆఫీసర్, సైంటిఫిక్ అసిస్టెంట్, ల్యాబ్ టెక్నీషియన్, ల్యాబ్ అటెండెంట్ స్థాయిలలో కలిపి 60 ఖాళీలకు ప్రకటన వెలువడింది. సంఖ్య తక్కువ కనుక పోటీ తీవ్రంగా ఉంటుంది. వేలిముద్రల బ్యూరోలో ఏఎస్ఐ ఉద్యోగాలకు 2022లో ఎస్సై నియామకాలతో పాటు ప్రకటన ఇచ్చారు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జగిత్యాల జిల్లా బాసర జోన్‌లోను, రాజన్న సిరిసిల్ల జిల్లా రాజన్న జోన్‌లోను ఉన్నాయి. రెండూ మొదటి మల్టీజోన్‌లోనివే. జోన్ల వారీగా భర్తీ చేసే ఉద్యోగాలలో ఈ తేడాను గమనించాలి.

సంబంధిత వృత్తులు

శవపరీక్ష చేసేది ప్రయోగశాల శాస్త్రవేత్త కాదు, వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. తరువాత ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎం.డి. చేసినవారు ఈ రంగంలో నిపుణులు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జంతువుల మరణ కారణాలను నిర్ధారించే పని పశువైద్యులది. వన్యప్రాణి నేరాలలో మాంసం ఏ జంతువుదో డీఎన్ఏ ద్వారా తేల్చే పని హైదరాబాదులోని సీసీఎంబీలో జరుగుతుంది.

చట్టపరమైన ప్రాధాన్యం

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షను ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలాన్ని సందర్శించి ఆధారాలు సేకరించాలి. ఈ నిబంధన అమలు తేదీని ప్రకటించడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. దీనివల్ల శిక్షణ పొందిన నిపుణుల అవసరం పెరుగుతుంది.

అదే చట్టం 329వ సెక్షను ప్రకారం, నిర్దేశించిన ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికను వారిని విచారించకుండానే సాక్ష్యంగా స్వీకరించవచ్చు. అవసరమనుకుంటే న్యాయస్థానం వారిని పిలిపించి ప్రశ్నించవచ్చు. అందువలన ఈ ఉద్యోగికి పరీక్ష చేయడంతో పాటు, చేసినదానిని స్పష్టంగా రాయడం, న్యాయమూర్తికి అర్థమయ్యేలా చెప్పడం కూడా రావాలి. ప్రయోగశాల పోలీసు శాఖకు అనుబంధమైనదైనా, నిపుణుడు పోలీసుల పక్షం కాదు, నిందితుని పక్షమూ కాదు. ఒక నివేదిక దోషికి శిక్ష పడేలా చేసినట్లే, మరొక నివేదిక నిర్దోషిని జైలు నుండి బయటకు తేగలదు. ఫలితం తేలనప్పుడు తేలలేదని రాయడం కూడా ఈ వృత్తి ధర్మంలో భాగమే.