ఆటలో అరటిపండు

చిన్నప్పుడు మా వీధిలో ఏడుపెంకులాట ఆడేటప్పుడు నన్ను ఏ జట్టులోనూ చేర్చుకునేవారు కాదు. ఉన్నవాళ్ళలో అందరికన్నా చిన్నవాణ్ణి నేనే. నా ఏడుపు భరించలేక మా అమ్మ అరుగు మీద నుంచి కేకేస్తే, పెద్దపిల్లలు విసుక్కుంటూ "సరే, వీడు అరటిపండు" అనేవారు. తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఏర్పాటే ఇది. అరటిపండుకు పరుగెత్తే హక్కు ఉంటుంది గాని ఔటయ్యే అర్హత ఉండదు. బంతి తగిలినా లెక్కలేదు, పెంకులు పేర్చినా లెక్కలేదు. ఆటలో ఉన్నట్టే ఉంటాడు, ఆటలో ఉండడు.

కొరియాలో పుట్టి పెరిగిన వృత్తి కంప్యూటరు క్రీడల చరిత్ర చదువుతున్నప్పుడు నాకా అరటిపండు పదే పదే గుర్తుకువచ్చింది. ఒక దేశంవాళ్ళే ప్రతి పోటీలోనూ గెలిచి బహుమతి సొమ్మంతా పట్టుకుపోతూంటే మిగిలిన దేశాలవాళ్ళకు కొంత చోటు కేటాయించడం న్యాయమా? కేటాయిస్తే వాళ్ళు ఆటగాళ్ళవుతారా, అరటిపండ్లవుతారా? ఆ చోటు కోసం పక్కకు జరగవలసి వచ్చినవాడి మాటేమిటి? ఇవి ఊహకు తోచిన ప్రశ్నలు కావు. 'స్టార్‌క్రాఫ్ట్' అనే ఒక ఆట వీటన్నిటినీ నిజంగానే అనుభవించింది. ఆ కథ చెప్పుకోదగ్గది.

స్టార్‌క్రాఫ్ట్‌ను అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 1998 మార్చిలో విడుదల చేసింది. చదరంగంలాగే ఇది ఎత్తుకు పైఎత్తు ఆట. కాని చదరంగంలోలాగా ఒకరి తరువాత ఒకరు ఆడరు. ఇద్దరూ ఒకేసారి గనులు తవ్వుకోవాలి, కోటలు కట్టుకోవాలి, సేనలు నడపాలి. మంచి ఆటగాడి వేళ్ళు నిమిషానికి వందలసార్లు కదులుతాయి. తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఎవరికీ లేదు.

ఈ ఆటకు పుట్టినిల్లు అమెరికా అయినా మెట్టినిల్లు దక్షిణ కొరియా. 1997 చివర ఆ దేశం ఆర్థిక సంక్షోభంలో చిక్కుకుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. ఉద్యోగాలు పోయినవారిలో కొందరు చిన్న చిన్న 'పీసీ బాంగ్'లు తెరిచారు. మన ఊళ్ళలో ఒకప్పటి నెట్ సెంటర్ల వంటివే అవి. గంటకింత అని కట్టి కుర్రకారు అక్కడ స్టార్‌క్రాఫ్ట్ ఆడేవారు. వేగవంతమైన అంతర్జాలం దేశమంతటా పరుచుకుంది. 2000 నాటికి ఆటల పోటీలు ప్రసారం చేసే ప్రత్యేక టీవీ ఛానలు వచ్చింది, 'కెస్పా' అనే జాతీయ సంఘమూ ఏర్పడింది. పెద్ద పెద్ద కంపెనీలు జట్లను పోషించాయి. ఆటగాళ్ళు ఒకే ఇంట్లో కలిసి ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుని, రోజుకు పది పన్నెండు గంటలు సాధన చేసేవారు. పాతకాలపు గురుకులం లాంటి వ్యవస్థ అది.

ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. అంత కొరియామయమైన ఆటలో, 2000 సంవత్సరంలో, ఆ దేశపు అతి పెద్ద వ్యక్తిగత పోటీని గెలిచినవాడు గియోమ్ పాట్రీ అనే కెనడా యువకుడు. 'పైవాడివి, నీకు చోటులేదు' అని అతన్ని ఎవరూ అనలేదు. అతడు కొరియాలోనే స్థిరపడి తరువాత టీవీలో పేరు తెచ్చుకున్నాడు. అయితే అతని తరువాత ఆ పోటీని మరే విదేశీయుడూ గెలవలేకపోయాడు. తలుపు తెరిచే ఉంది గాని గడప అందనంత ఎత్తుకు లేచిపోయింది.

2010లో స్టార్‌క్రాఫ్ట్ రెండవ భాగం వచ్చింది. కొత్త ఆట కాబట్టి అందరూ ఒకే గీత మీద నుంచి మొదలుపెడతారని తక్కిన దేశాలవారు ఆశపడ్డారు. ఆ ఏడే కొరియాలో మొదలైన జి.ఎస్.ఎల్. పోటీలో మొదటి బహుమతి 10 కోట్ల వాన్లు. నాటి మారకంలో దాదాపు 40 లక్షల రూపాయలు. ఐరోపా, అమెరికాల నుంచి కుర్రవాళ్ళు మూటాముల్లే సర్దుకుని సియోల్ చేరారు. స్వీడన్‌కు చెందిన 'జిన్రో' సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. అంతకుమించి ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆ తరువాత ప్రవాహం దిశ మారింది. 2012లో బ్లిజార్డ్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. తొలి ఏడాది దేశాలవారీగా, ఖండాలవారీగా పోటీలు పెట్టి చివరి ఘట్టం షాంఘైలో జరిపింది. గెలిచింది కొరియా ఆటగాడు 'పార్టింగ్'. మరుసటి ఏడు ఆ పద్ధతి మార్చి కొరియా, ఐరోపా, అమెరికా అని మూడు మండలాలు చేసింది. ఆటగాడు ఏ దేశంవాడైనా సరే, తనకు నచ్చిన మండలం ఎంచుకోవచ్చు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంది కదా! ఫలితం ఏమయిందో చూడండి. 2013లో ఐరోపా మండలంలో మూడు విడతలూ గెలిచినవారు కొరియావారు. అమెరికా మండలంలో మూడు విడతలూ గెలిచినవారూ కొరియావారే. ఏడాది చివర ప్రపంచ పోటీకి చేరిన 16 మందిలో పైవాడు ఒకే ఒక్కడు, స్వీడన్‌కు చెందిన 'నానివా'. 2014లో ఆ ఒక్కడూ లేడు. పదహారుకు పదహారు మందీ కొరియావారే.

ఇందులో తొండి ఏమీ లేదు. గెలవగలిగినవాళ్ళే గెలిచారు. కాని పోర్చుగల్‌లోనో పెరూలోనో ఒక పదహారేళ్ళ కుర్రవాడు ఈ ఆటను వృత్తిగా తీసుకోవాలనుకుంటే వాళ్ళ ఇంట్లో ఏమని చెబుతాడు? తన దేశానికి, చివరకు తన ఖండానికి పెట్టిన బహుమతి కూడా సముద్రం దాటిపోతూంటే? వృత్తి క్రీడలో బహుమతి గెలుపుకు గుర్తు మాత్రమే కాదు, మరుసటి ఏడు సాధన చేయడానికి కావలసిన తిండిగింజలు కూడా. విత్తనపు వడ్లు కూడా ఒకే గాదెకు చేరితే మిగిలిన పొలాలు బీడు పడతాయి.

2015లో బ్లిజార్డ్ నిబంధన మార్చింది. కొరియా బయటి పోటీలో ఆడాలంటే ఆ ప్రాంతపు పౌరుడైనా కావాలి, అక్కడ చట్టబద్ధంగా నివసించే వీసా అయినా ఉండాలి. పర్యాటక వీసా చెల్లదు. ఒక వీసా ముద్ర మనిషి బతుకును ఎట్లా మలుపు తిప్పుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. టెక్సాస్‌లో చదువుకుంటున్న 'పోల్ట్' అనే కొరియా యువకుడు విద్యార్థి వీసా బలంతో ఆటలో నిలిచాడు. 'వయొలెట్' అనే మరొక కొరియా యువకునికి, క్రీడాకారులకిచ్చే అమెరికా వీసా 2013లోనే దక్కి ఉంది. అలాంటి కాగితం లేనివారు వెనక్కి వెళ్ళారు. 2016లో గీత ఇంకా గట్టిపడింది. ప్రపంచ పోటీలో 8 చోట్లు కొరియాకు, 8 చోట్లు మిగతా ప్రపంచానికి అని పంచేశారు.

ఈ నిబంధన వెనక ధర్మచింతన ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. ఆట అమ్ముడుపోవలసింది ప్రపంచమంతటా. తమ దేశంవాడొకడు బరిలో లేకపోతే చూసేవాళ్ళు తగ్గుతారు. వ్యాపారానికీ న్యాయానికీ దారి ఒక్కటే అయిన సందర్భం అది. ఇటువంటి కట్టడి ఇతర క్రీడల్లోనూ ఉన్నదే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ సింగిల్స్ పతకాలన్నీ చైనావారే గెలుచుకున్నాక, 2012 లండన్ నుంచి సింగిల్స్‌లో దేశానికి ఇద్దరే అన్నారు. ప్రపంచంలో మూడవ స్థానంలో ఉన్న చైనా ఆటగాడు సింగిల్స్‌ను బయట నుంచి చూడవలసిందే.

ఆ మూడవవాడి స్థితిలోనే కొరియాలోని మధ్యశ్రేణి ఆటగాళ్ళూ పడ్డారు. మేటి ఆటగాళ్ళకు నష్టం లేదు, వారికి ఆ 8 చోట్లు ఉన్నాయి. ముప్ఫయ్యో, నలభయ్యో వరుసలో ఉన్న కుర్రవాడికే విదేశీ పోటీలు జీవనాధారం. పైగా కొరియాలో మగపిల్లలకు సైనికసేవ తప్పనిసరి. ఆటగాడిగా సంపాదించుకోగలిగిన నాలుగైదేళ్ళలో నుంచి దాదాపు రెండేళ్ళు అటు పోయేవి. నిబంధనను దాటి నిలిచిన పోల్ట్ కూడా 2016తో ఆట విడిచి సైన్యంలోకి వెళ్ళాడు. తనకన్నా తక్కువ ఆడేవాడు తనకన్నా ఎక్కువ సంపాదిస్తూంటే చూస్తూ ఊరుకోవలసిన ఆ పేరు తెలియని కుర్రవాడికి, "ఇది న్యాయమే నాయనా" అని నేనైతే ముఖాముఖి చెప్పలేను.

మొదట్లో అరటిపండు అన్న ఎగతాళి నిజమే అనిపించింది. 2015లో కొరియా బయటి మండలంలో ఒక విడత గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు 'లిల్‌బో', ప్రపంచ పోటీలో మొదటి రౌండులోనే 'లైఫ్' చేతిలో 3-0తో ఓడిపోయాడు. తగినంత సాధన చేయకుండా వచ్చాడని తోటివాళ్ళు మండిపడ్డారు. కేటాయించిన కుర్చీలో కూర్చున్నవాడు ఆడకపోతే ఆ కుర్చీ కోల్పోయినవాడికి ఎంత కడుపుమంటగా ఉంటుంది!

2016 అక్టోబరులో రెండు సంఘటనలు జరిగాయి. కెస్పా తన జట్ల లీగును మూసివేసింది. 2003 నుంచి నడిచిన వ్యవస్థ అది. ప్రాయోజకులు తగ్గారు, జట్లు తగ్గాయి, పందేల కోసం ఆటలు అమ్ముకున్న కుంభకోణాలు విశ్వాసాన్ని దెబ్బతీశాయి. గురుకులాలు మూతపడ్డాయి. అదే నెలలో సియోల్‌లో జరిగిన కెస్పా కప్పును 'నీబ్' అనే అమెరికా యువకుడు ఫైనల్లో 4-0తో గెలిచాడు. పాట్రీ తరువాత కొరియా గడ్డ మీద అంత పెద్ద స్టార్‌క్రాఫ్ట్ పోటీ గెలిచిన విదేశీయుడు అతడే. మధ్యలో గడిచినవి పదహారేళ్ళు.

ఇక 2018. ఫిన్లాండ్‌కు చెందిన యోనా సోతాలా, ఆటపేరు 'సెరల్'. పుట్టింది స్టార్‌క్రాఫ్ట్ పుట్టిన 1998 మార్చిలోనే. కొరియా జట్టు ఇంట్లో ఉండి నేర్చుకున్నవాడు కాదు, తన దేశంలోనే చదువు పూర్తిచేసుకుంటూ ఎదిగినవాడు. ఆ ఏడాది కొరియా బయటి వలయంలోని 4 పెద్ద పోటీలూ అతడే గెలిచాడు. "గోడ చాటున గెలుపులే కదా" అన్నవారు లేకపోలేదు. ఆగస్టులో సియోల్ వెళ్ళి, కొరియావారికీ ప్రపంచానికీ మధ్య పెట్టిన పోటీలో 'స్టాట్స్'ను 4-3తో ఓడించాడు. నవంబరులో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ప్రపంచ పోటీ ఫైనల్లో మళ్ళీ స్టాట్స్‌నే 4-2తో ఓడించాడు. ఆ చాంపియన్‌షిప్ గెలిచిన తొలి కొరియాయేతరుడు అతడే. బహుమతి 2,80,000 డాలర్లు.

ఆ తరువాత తలుపులు ఒక్కటొక్కటిగా తెరుచుకున్నాయి. 2023లో పోలండ్‌లోని కాటొవీసెలో చైనాకు చెందిన 'ఒలివేరా' కొరియా దిగ్గజం 'మారు'ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో రియాద్‌లో ఫైనల్ ఫ్రాన్స్ ఆటగాడు 'క్లెమ్'కూ సెరల్‌కూ మధ్య జరిగింది. క్లెమ్ గెలిచాడు. ఆ చివరి ఆటలో కొరియా లేదు.

గోడ కట్టడం వల్లే సెరల్ పుట్టాడని నేననను. కొరియా వ్యవస్థ కూలడం కూడా అందులో భాగమే. కాని 2013లోలాగే బహుమతులన్నీ ఒకే దిక్కుకు పోతూ ఉంటే, పదిహేనేళ్ళ ఆ ఫిన్లాండ్ పిల్లవాడు ఐదేళ్ళపాటు ఈ ఆటనే అంటిపెట్టుకుని ఉండేవాడా అన్నది ఆలోచించవలసిన మాట. గోడ అతనికి గెలుపు ఇవ్వలేదు, గడువు ఇచ్చింది. ఆ గడువు ఖరీదు చెల్లించినవాడు మాత్రం కొరియాలోని ఆ నలభయ్యోవాడు. అతని పేరు ఏ విజేతల పట్టికలోనూ లేదు. న్యాయం చేశామనుకునేవారు ఆ బాకీని కూడా ఖాతాలో రాసుకోవాలని నా మనవి.

నా కథ ముగించాలి. ఒక వేసవి సాయంత్రం మా పెద్దన్నయ్య విసిరిన బంతి నా వీపుకు తగిలింది. నేను అలవాటుగా పరుగు ఆపలేదు. "ఒరేయ్, ఆగు. నువ్వు ఔట్" అన్నాడు వాడు. తక్కినవాళ్ళు ఎవరూ కాదనలేదు. వీపు చురచుర మంటూంటే ఏడుస్తూనే అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను. అమ్మ ఎందుకేడుస్తున్నావని అడిగితే, "నన్ను ఔట్ చేశారే" అన్నాను. ఆ మాట ఫిర్యాదుగా చెప్పానో, గొప్పగా చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు.