గాజుపోగుల చరిత్రలో అతుకు

తొట్టి రంధ్రము నుండి చిమ్ముచున్న నీటిధారలోనికి కాంతిని పంపినచో అది ధారతోపాటే వంపు తిరిగి క్రిందికి దిగునని 1841లో జెనీవా ఆచార్యుడు కొలడాన్ ప్రదర్శించి చూపెను. నిజమునకు కాంతి వంగుట లేదు. ధార అంచులకు తాకినప్పుడెల్ల సంపూర్ణాంతర పరావర్తనము చెంది, లోపలికే మరలుచు ముందుకు సాగుచున్నది. రంధ్రము చేసిన సీసాతో ఈ ప్రయోగమును ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును.

నీటికి బదులు గాజుపోగును వాడినచో? 1954 జనవరిలో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు లేఖలను ప్రకటించెను. ఒకటి హాప్కిన్స్, పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ కలసి వ్రాసినది. పోగుల కట్ట ద్వారా చిత్రమును పంపుట దాని విషయము. రెండవది హాలండు శాస్త్రజ్ఞుడు వాన్ హీల్ వ్రాసినది. పోగులు ఒకదానినొకటి తాకినచోట కాంతి కారిపోవును గనుక, వక్రీభవన గుణకము తక్కువైన తొడుగును ప్రతి పోగుకును వేయవలెనని ఆయన సూచించెను. నేటి కేబులులోని ప్రతి పోగుకును ఇట్టి తొడుగు కలదు.

అయితే ఆ పోగులు కడుపులోనికి తొంగిచూచుటకే గాని టెలిఫోనునకు పనికిరాకుండెను. ఆనాటి మేలైన గాజులో సైతము నష్టము కిలోమీటరునకు సుమారు 1000 డెసిబెల్లులు. అనగా కాంతిని ఒకటి ప్రక్కన నూరు సున్నలు గల సంఖ్యతో భాగింపవలెను! ఈ నష్టము గాజులోని మాలిన్యముల వలననే గాని గాజు స్వభావము వలన కాదని 1966లో ఇంగ్లండులో చార్లెస్ కావ్, జార్జి హాకమ్ వాదించిరి. నష్టము 20 డెసిబెల్లులకు దిగి, కిలోమీటరు చివర నూరవవంతు మిగిలిన చాలును అనిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మారర్, కెక్, షుల్ట్జ్ 17 డెసిబెల్లులు సాధించిరి.

ఇక మిగిలినది అతుకు. చరిత్ర ఇచటనే అడ్డదారి పట్టినది. కాంతి ఒకే రీతిగా నడచునట్టి సన్నని పోగునే కావ్ కోరెను. దాని నడిమి భాగము కొద్ది మైక్రానులే; మామూలు కాగితము మందమే సుమారు 100 మైక్రానులు. అట్టి రెండు కొనలను ఎదురెదురుగా నిలుపుట ఎట్లు? ఇంజనీర్లు జంకి, 50 మైక్రానుల నడిమి భాగము గల మల్టీమోడ్ పోగును చేపట్టిరి. 1977లో చికాగో నగరమున టెలిఫోను సంభాషణలు నడచినది దానిలోనే. కాని వెడల్పు దారిలో కిరణములు పెక్కు మార్గముల పోయి, ఒకటి ముందు, ఒకటి వెనుక చేరును. సంకేతములు ఒకదానిలో నొకటి కలిసిపోవును. దూరము పెరిగిన కొలది ఈ చిక్కు పెరుగును. విద్యుత్ చాపముతో కొనలను కరగించి అతుకుటయు, పింగాణి గొట్టములలో పోగును నిలుపుటయు అలవడిన పిమ్మట సన్నని సింగిల్ మోడ్ పోగు తిరిగి వచ్చెను. 1988లో అట్లాంటిక్ అడుగున వేసిన టాట్-8 కేబులు ఆ జాతిదే.

మల్టీమోడ్ మాత్రము తొలగిపోలేదు. చవుకైన కాంతిజనకములతో, కొద్దిపాటి వంకరను సహించు అతుకులతో, అది భవనముల లోపల నిలిచిపోయెను. కావున నెట్‌వర్కు పరికరములకు కేబులు కొనువాడు నేటికిని ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలసియున్నది. 850 నానోమీటర్ల పరికరమునకు మల్టీమోడ్, 1310 లేక 1550 నానోమీటర్ల దానికి సింగిల్ మోడ్ సాధారణము. సింగిల్ మోడ్ తొడుగు పసుపు. మల్టీమోడ్ తొడుగు పాతది నారింజ, క్రొత్తది లేత నీలము.

రెండింటిని కలిపినచో నేమగును? 50 మైక్రానుల నుండి 9 మైక్రానులకు కాంతి పోవునప్పుడు వైశాల్యముల నిష్పత్తిని బట్టి ముప్పదింట ఒక వంతు మాత్రమే దాటును. ఎదురు దిక్కున నష్టము స్వల్పము. ఒక వైపు సంకేతము అందుచు, వేరొక వైపు అందకుండుట కిదియొక కారణము. తెలియనివారు దోషమును పరికరముపై మోపుదురు.

కనెక్టరులో పోగును పట్టియుంచు పింగాణి గొట్టము ఎస్.సి., ఎస్.టి. రకములలో 2.5 మిల్లీమీటర్లు, క్రొత్తదగు ఎల్.సి.లో 1.25 మాత్రమే, కావున ఒకే పరికరమున ఎక్కువ ద్వారములు పట్టును. కొన్నింటిలో గాజు ముఖమును 8 డిగ్రీల వాలుగా నూరుదురు. పరావర్తనమైన కాంతి వెనుకకు జనకమును చేరకుండుటకే ఇది. వానికి పచ్చరంగు, వాలు లేని సింగిల్ మోడ్ వానికి నీలిరంగు. పచ్చదానిని నీలిదానితో కలిపినచో ముఖముల నడుమ గాలిసందు మిగిలి, కాంతి నష్టమగుటయే గాక, గాజు ముఖము గీచుకొనిపోవచ్చును.