తొట్టెల కట్టిన చోటు

"ఎవరికి జ్వరమొచ్చింది డాడీ?"

2018 ఏప్రిల్. బడికి సెలవులిచ్చి వారమైనా కాలేదు. మహబూబ్‌నగర్ పట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, పిల్లలమర్రి కంచె బయట నిలబడి మా ఆరేళ్ల పిల్ల అడిగింది. కంచె అవతల కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. ప్రతి సీసా నుంచీ సన్నటి పైపు దిగి మానులోకి పోతోంది. పోయిన వానాకాలం డెంగీతో వారం రోజులు ఆస్పత్రి మంచం మీదున్న పిల్ల కాబట్టి సీసా, పైపు, సూది దానికి బాగా తెలుసు.

"చెట్టుకే బిడ్డా" అన్నది మా అమ్మ.

అసలు అమ్మ ఈ ప్రయాణానికి రానన్నది. "ఎండల పిల్లల్నేసుకొని యాడికి తిరుగుతర్రా" అని రెండు రోజులు పోరింది. పిల్లలమర్రి అంటే నీడే కదా అని చెప్పి హైదరాబాద్‌లో కారెక్కించాను. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టు. మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఊడలు దిగి, అవే మానులై, అసలు మొదలేదో గుర్తుపట్టడం కష్టం. చిన్నప్పుడు బడి వాళ్లు తీసుకొస్తే ఆ ఊడలు పట్టుకొని నేనూ ఊగాను. దాని జబ్బులో మా ఊగుడు వాటా ఎంతో మరి.

2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చూస్తే లోపలంతా చెద. జనాన్ని రానివ్వడం ఆపేశారు. మొదట మానుకు రంధ్రాలు చేసి మందు పోశారు. అది నిలవకుండా బయటికే కారిపోయింది. అప్పుడు తట్టిన ఉపాయం ఈ సీసాలు. క్లోర్‌పైరిఫాస్‌ను నీళ్లలో పలుచగా కలిపి చుక్క చుక్కగా ఎక్కిస్తే కర్ర నెమ్మదిగా పీల్చుకుంటుంది. వేళ్లకూ మందు నీళ్లు, వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెల ఆసరా. (2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకొచ్చిన అమ్మాయిలు ఈ మర్రిని చూడటం టీవీలో వస్తే, మా పిల్ల అడిగిన మొదటి మాట: "సీసాలు తీసేసిన్రా?")

పక్కనే రాజరాజేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోంచి విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి కట్టారు. ఆ సంగతి చెబితే అమ్మ కళ్లు చిట్లించి గోపురం దిక్కు చూసింది. "దేవుడు గూడ వలసొచ్చిండా" అని, నవ్వకుండా చెప్పులు విడిచింది.

మర్నాడు నల్లగొండ. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోళుల నాటి గుడి అది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడుతుంది. ఏ స్తంభానిదో కనిపెట్టమని పిల్లను వదిలాను. ఒక్కో స్తంభం పక్కన నిలబడి చేతులాడించింది. తన నీడ పడలేదు. వెలుతురు నేరుగా కాక చెదిరి లోపలికి వస్తుందనీ, ముందున్న స్తంభాల నీడలన్నీ కలిసి ఒక్కటిగా కనబడతాయనీ చదివింది చెప్పాను. దానికి నచ్చలేదు. "కాదు, ఎవరో దాక్కున్నరు" అన్నది. రెండేళ్ల చిన్నోడికి ఆ గోలేమీ పట్టలేదు. చల్లటి బండ మీద బోర్లా పడుకున్నాడు.

హాలియా దాటాక రోడ్డు పక్కన ముంజలు. కారాపి తిన్నాం. నాగార్జునసాగర్ దగ్గరయ్యే కొద్దీ అమ్మ మాటలు తగ్గాయి.

డ్యాం కనబడగానే పిల్ల గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దగ్గర తప్పిపోయింది. మొత్తం 26 అని చెప్పాను. "ఎప్పుడు తీస్తరు?" వానలు పడి ఎగువన శ్రీశైలం నిండాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో. మొహం మాడ్చుకుంది. ఎండాకాలం నీళ్లు బాగా కిందికి దిగి, గోడ రాళ్లు బయటపడి ఉన్నాయి. పిల్లకు చూడ్డానికి ఏమీ లేదు. అమ్మకు మాత్రం ఆ రాళ్లే కావాలి.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది. 124 మీటర్ల ఎత్తు, రాతి కట్టడం. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఆ మనుషుల్లో పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లు చాలామంది. గుంపు మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే సట్టి, ముంత, పిల్లలతో కదిలేవారు. తర్వాత దేశంలో ఏ మూల పెద్ద డ్యాం కట్టినా పాలమూరు లేబర్ అన్న పేరు వినబడింది. మా అమ్మ వాళ్లూ అట్లా వచ్చినవాళ్లే. ఈ ముక్క నాకు తెలుసు. అంతకు మించి ఎన్నడూ అడగలేదు.

"నువ్వు గూడ సెలవులకు వచ్చినవా నాయనమ్మా?" పిల్ల అడిగింది.

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఎండాకాలమే వచ్చినం. వానలు పడంగనే పోదామన్నరు. మూడు ఎండకాలాలు పట్టింది."

"ఏం ఆడుకున్నవ్?"

"మా తమ్మునికి తొట్టెల ఊపేదాన్ని. వాడు ఏడిస్తే పైనున్న మా అవ్వకు ఇనబడుతదని భయం. ఇనబడితే మనసు ఈడికొస్తది, కాలు జారుతది. గందుకని వాడు ఏడ్వక ముందే ఊపాలె."

మా ఆవిడ చిన్నోడిని చంక మార్చుకుంది. నేను నీళ్ల దిక్కు చూశాను. ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అప్పటికి వీళ్ల గుంపు ఇంకెక్కడికో పోయింది. ఈ గోడ వెనక నీళ్లు నిలవడం అమ్మ చూడలేదు. యాభై ఏళ్లు దాటాక, అరవై మూడో ఏట, ఇదే మొదటిసారి.

తొట్టెల ఎక్కడ కట్టేవారో చూపించమని అడిగాను. అమ్మ చెయ్యి పైలాన్ కాలనీ వైపు లేచి, అక్కడి నుంచి ఏటి వైపు తిరిగి, దిగిపోయింది. "గప్పుడు ఇవేం లేకుండె."

మర్నాడు లాంచీలో నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా తవ్విన ఇక్ష్వాకుల విజయపురి నీళ్ల కిందికి పోతుంటే, కొన్ని కట్టడాల్ని ఈ గుట్ట మీదికీ, అవతల అనుపుకూ మార్చారు. మ్యూజియంలో పిల్ల నాలుగు బొమ్మలు చూసి విసిగింది. బయటికొస్తే ఎండ నెత్తిని కొడుతోంది. చిన్నోడు రాగం అందుకున్నాడు. జొన్నరొట్టె పెట్టినా, బత్తాయి ఒలిచినా ఆపడు.

అమ్మ సంచిలోంచి పాత చీర తీసింది. దారి పక్కనున్న వేపచెట్టు కిందికి నడిచి, అందిన కొమ్మను పట్టుకొని రెండుసార్లు బలంగా గుంజి చూసింది.

"చెదలున్నయా నాయనమ్మా?" పిల్ల పరుగెత్తింది.

"లేవు. గట్టిగనే ఉన్నది" అని అమ్మ ముడి వేసింది.