గద్వాల దయ్యం, బనగానపల్లె బంగళా

2009 జనవరి 16, శుక్రవారం. సంక్రాంతి సినిమాల సందడి ఇంకా సద్దుమణగలేదు. ఆ రోజు విడుదలైన ‘అరుంధతి’లో హీరో లేడు. పోస్టరు మీద అనుష్క ఒక్కతే. కథ గద్వాల సంస్థానంలో నడుస్తుంది. అప్పటికి మాదీ గద్వాలదీ ఒకే జిల్లా, మహబూబ్‌నగర్. మా కల్వకుర్తిలో గద్వాల అంటే పట్టంచు చీర, జములమ్మ జాతర. తెరమీద ఆ ఊరి పేరు వినబడగానే వెనక వరసలోంచి ఎవరో ‘మన గద్వాలనే రా’ అన్నాడు. అంతలో విలన్ పశుపతి గొంతు లేచింది, హాలంతా కిక్కురుమనలేదు.

ఆ సినిమా కోటలో మాత్రం గద్వాల లేదు. మనం చూసిన బురుజులూ మేడలూ తుంగభద్రకు అవతల, కర్నూలు సీమలోని బనగానపల్లె నవాబు బంగళావి. పేరు పాలమూరుది, గోడలు రాయలసీమవి. ఆ గొంతూ అరువుదే. పశుపతిగా కనబడింది పంజాబీ నటుడు సోనూ సూద్, వినబడింది రవిశంకర్. ‘బొమ్మాళీ’ అన్న పిలుపు పిల్లల ఆటల్లోకి, పెళ్ళిళ్ళ వేళాకోళాల్లోకి పాకిందంటే అందులో సగం పుణ్యం తెరవెనక నిలబడి అరిచిన ఆ మనిషిదే.

దయ్యం సినిమా అంటే చౌక సినిమా అని వ్యాపారంలో ఒక నమ్మకం. ఒక ఇల్లు, నలుగురు నటులు, రెండు కిర్రుమనే తలుపులు చాలు. అమెరికాలో ‘పారానార్మల్ ఆక్టివిటీ’ని దాదాపు 15 వేల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 19 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. హిందీలో రామ్‌సే సోదరులు పాడుబడ్డ హవేలీలతో ఏళ్ళ తరబడి చిన్న ఊళ్ళ హాళ్ళను నింపారు. 1984లో వచ్చిన వాళ్ళ ‘పురానా మందిర్’ ఆ ఏడాది పెద్ద హిట్లలో ఒకటి. ‘అరుంధతి’ నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి ఈ లెక్కను తలకిందులు చేశాడు. స్టార్ జీతం మిగుల్చుకుని దాన్ని సెట్లకూ గ్రాఫిక్స్‌కూ కుమ్మరించాడు. దర్శకుడు కోడి రామకృష్ణ.

పాలకొల్లులో పుట్టి, 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో మొదలుపెట్టి, నుదుటికి తెల్లగుడ్డ కట్టుకుని వందకు పైగా సినిమాలు తీసిన మనిషి ఆయన. హారర్ దర్శకుడు అంటే బహుశా ఒప్పుకునేవాడు కాదేమో. 1995లో ఇదే నిర్మాతకు ‘అమ్మోరు’ తీశాడు. అందులో రమ్యకృష్ణ అమ్మవారు, సౌందర్య భక్తురాలు, రామిరెడ్డి క్షుద్ర మాంత్రికుడు. ఆడవాళ్ళు టెంకాయలతో, హారతి కర్పూరంతో థియేటర్లకు వచ్చిన రోజులవి. కొందరికి పూనకం వచ్చిందనీ చెప్పుకునేవాళ్ళు. భయపెట్టేది మాంత్రికుడు, డబ్బులు తెచ్చేది అమ్మవారు. ఆ సూత్రం అక్కడ దొరికింది.

‘అరుంధతి’లో చేసింది కూడా అదే, కాస్త ముసుగు వేసి. అనుష్క వేసిన జేజమ్మ మనిషే. కానీ అఘోరవిద్య నేర్చి వచ్చిన పశుపతిని నాట్యంతో లొంగదీసి సమాధి చేయిస్తుంది, వాడు పీడించకుండా ఉండేందుకు ప్రాణమిచ్చి తన ఎముకలనే ఆయుధం చేయిస్తుంది. ఊరి కోసం చచ్చి మొక్కులందుకునే ఆడబిడ్డల కథలు మా వైపు ప్రతి పొలిమేర గుడి దగ్గరా దొరుకుతాయి. పట్నంలో దాన్ని హారర్ అన్నారు, పల్లెలో దాన్ని అమ్మవారి కథగా చూశారు. పక్కింటి పెద్దమ్మ మూడుసార్లు వెళ్ళడానికి కారణం దయ్యం కాదు.

స్టార్ లేకుండా దయ్యంతోనే నెట్టుకొచ్చే కిటుకు ఇంకా పాతది. ఉడుపి నుంచి వచ్చి, హోటలు నడిపి, కన్నడ దేశంలో టూరింగ్ టాకీసులు నడిపి, ఆ తరువాత మద్రాసు చేరిన బి. విఠలాచార్యకు నేల టికెట్టు మనిషి ఎప్పుడు ఈల వేస్తాడో, ఎప్పుడు బీడీకి లేస్తాడో తెలుసు. 1978లో ఆయన తీసిన ‘జగన్మోహిని’లో జయమాలిని మోహినీ పిశాచం. ఆ దయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. చూసిన పిల్లలెవరూ ఆ పొయ్యిని మరిచిపోలేదు. జడుసుకున్నామా, నవ్వామా అంటే రెండూ. హీరో కాల్షీట్లు ఇవ్వకపోతే వాణ్ణి చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు సాగించేవాడని ఆయన మీద ఒక ముచ్చట ఉంది. నిజమో కాదో గానీ, స్టార్ లేకపోయినా దయ్యం సినిమా ఆగదన్న వ్యాపార రహస్యమంతా అందులో ఉంది. ‘జగన్మోహిని’ హీరో నరసింహరాజే రెండేళ్ళకు ఏవీఎం వారి ‘పున్నమినాగు’లోనూ హీరో. అయినా జనానికి గుర్తున్నది పున్నమి రాత్రుల్లో విషమెక్కే నాగులే. ఆ వేషం వేసిన కుర్రాడి పేరు చిరంజీవి.

స్టార్లంటే మా ఊరికి భక్తి లేక కాదు. తెరమీద రాముడికీ కృష్ణుడికీ దండం పెట్టిన ఊరే 1989లో ఎన్టీ రామారావును కాదని చిత్తరంజన్‌దాస్‌ను అసెంబ్లీకి పంపింది. మొక్కు వేరు, ఓటు వేరు. టికెట్టు కూడా అంతే.

దయ్యానికి భక్తినో నవ్వునో కలిపే ఈ దారి తొక్కనివాడు రామ్‌గోపాల్ వర్మ. హైదరాబాదులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చుకుంటూ ఇంగ్లీషు సినిమాలు చూసి పెరిగిన బుద్ధి ఆయనది. 1992 నాటి ‘రాత్రి’లో గుడి లేదు, గంట లేదు. మామూలు మధ్యతరగతి ఇల్లు, రేవతి, మెల్లగా వెంటపడే కెమెరా. దానికి తగ్గ డబ్బులు రాలేదు. పేరు తరువాత వచ్చింది. 1996లో ‘దెయ్యం’ తీశాడు. ఆ భయమే పాటల్లేకుండా, ముంబయి ఫ్లాటులో, ఊర్మిళతో 2003లో ‘భూత్’గా తీస్తే హిందీలో హిట్టయింది. 2008లో ‘ఫూంక్’ను ఒంటరిగా కూర్చుని చూసినవాళ్ళకు 5 లక్షలిస్తానని సవాలు కూడా విసిరాడు. ఆ సవాలు వర్మే విసరగలడు. తెలుగువాడు దయ్యం సినిమాకు ఒంటరిగా వెళ్తే కదా! పక్కవాడి చెయ్యి గిల్లడానికి, ముందువాడు ఉలిక్కిపడితే నవ్వడానికి, ఆట వదిలాక ఊరి చివరి చింతచెట్టు దాకా గుంపుగా నడవడానికే వెళ్తాడు. దర్శకుడిగా వర్మ భయమే అందరికన్నా నికార్సయినదని నా అభిప్రాయం. అయితే నికార్సయిన సరుకు మన సంతలో తక్కువ అమ్ముడవుతుంది.

గుంపు నవ్వును గల్లాపెట్టె దగ్గరికి తెచ్చినవాడు మారుతి. 2013లో ఆయన వెనకుండి తీయించిన ‘ప్రేమకథా చిత్రమ్’లో సప్తగిరి దయ్యం చేతిలో తన్నులు తింటుంటే హాళ్ళు ఊగిపోయాయి. ఆ మరుసటేడు ‘గీతాంజలి’, 2015లో ఓంకార్ ‘రాజుగారి గది’. 2017లో మహి వి. రాఘవ్ ‘ఆనందో బ్రహ్మ’లో మనుషులను చూసి దయ్యాలే హడలిపోయాయి. ఇక్కడికి వచ్చేసరికి దయ్యం పూర్తిగా ఇంటి మనిషైపోయింది. వాటిలో చాలావాటిని నేను సగంలో వదిలేసి వచ్చాను.

మళ్ళీ భయం పుట్టింది ఊళ్ళోంచే. పాలమూరులో చేతబడిని బాణామతి అంటారు. ఆ మాట మా చిన్నప్పుడు గొంతు తగ్గించి పలికేవాళ్ళు. మందు పెట్టారని అనుమానించి మనుషులను చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు తెలంగాణ పేపర్లలో ఇప్పటికీ వస్తుంటాయి. అందుకే 1980ల మొదట్లో యండమూరి చేతబడి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తే వారం వారం జనం ఎగబడి చదివారు. దాని కొనసాగింపు ‘తులసి’ 1986లో ‘కాష్మోరా’ పేరుతో సినిమా అయింది. పుస్తకం పుట్టించిన వణుకు తెరమీద నాకు దొరకలేదు. అనిల్ విశ్వనాథ్ ‘మా ఊరి పొలిమేర’లో ఆ వణుకు కొంత తిరిగొచ్చింది. 2021లో ఓటీటీలో చూసిన జనమే 2023లో రెండో భాగానికి థియేటర్ల ముందు నిలబడ్డారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కార్తీక్ దండు ‘విరూపాక్ష’ వంద కోట్ల గ్రాస్ దాటిందన్నారు. కట్టడి వేసుకుని వరస చావుల్లో మగ్గే ఊరి కథ అది. కరోనా చూసి వచ్చిన జనానికి వేరే వివరణ అక్కర్లేకపోయింది.

మొన్న గద్వాల వెళ్ళినప్పుడు కోట చూశాను. పదిహేడో శతాబ్దంలో సోమనాద్రి కట్టించినది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. దానికి దగ్గరలోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. పేరు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మది. సంస్థానాన్ని చివరగా ఏలిన రాణి ఆమె. బనగానపల్లె బంగళాను చూపించి ‘అరుంధతి కోట’ అని ఆటోవాళ్ళు చెబుతారు. ఇక్కడ బురుజు నీడలో ఇద్దరు పిల్లలు సెమిస్టర్ పరీక్షకు చదువుకుంటున్నారు. జేజమ్మ ఉండింది ఈ కోటలోనేనా అని అడిగాను. ఒకమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, ‘అది సినిమా సార్’ అంది.